తెలుగు మీడియం చదువు, డయాలసిస్ డ్యూటీ, 38 ఏళ్ళ వయసు: ఓఈటీకి ఎలా చదవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీకు 38 ఏళ్ళు, పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా, ఇప్పుడు టెక్కలి వైపు ఒక ఆస్పత్రిలో డయాలసిస్ సిస్టర్‌గా చేస్తున్నారు, ఇద్దరు పిల్లలు. యూకే వెళ్ళాలనుంది. అన్నిరకాలవాళ్ళూ రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాయాలా, వైద్యరంగంలోవాళ్ళ కోసమే పెట్టిన ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ రాయాలా, ఉద్యోగం మానేసి విశాఖలో రూము తీసుకుని మూడు నెలలు కోచింగ్‌కు వెళ్ళాలా, అసలు ఈ వయసులో ఇంగ్లీషు ఎక్కుతుందా, చదివితే అర్థమవుతోంది గానీ మాట్లాడమంటే నోరు పెగలడం లేదు ఏం చెయ్యాలి అని. నేను విజయనగరంలో చాలా ఏళ్ళుగా ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతున్నాను, వాళ్ళలో ఎక్కువమంది నర్సులే. అంచేత కొంచెం పొడుగ్గానే రాస్తాను, నైట్ డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు చదువుకోండి.

ముందు ఉద్యోగం సంగతి. మానెయ్యకండి. జీతం ఆగిపోయిన మనిషికి తొందర ఎక్కువవుతుంది, తొందరలో పరీక్ష ముందుకు బుక్ చేసేస్తారు, ఫీజు పోతుంది, ఇంట్లో మాటలు మొదలవుతాయి. పైగా అక్కడి ఆస్పత్రుల వాళ్ళు ఈమధ్య కాలంలో పని చేసిన అనుభవం ఎంతుందో అడుగుతారు, మధ్యలో ఖాళీ పెట్టుకుంటే దానికి సమాధానం చెప్పుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది, అది కింద స్పీకింగ్ దగ్గర చెబుతాను.

అసలు విషయం ఏమిటంటే, మన జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళు రెండు వేరు వేరు పనులను ఒకటే అనుకుంటారు. ఇంగ్లీషు రావడం ఒక పని. పరీక్షకు తయారవడం ఇంకో పని. మొదటిది నెలల తరబడి జరిగేది, రోజూ కొంచెం కొంచెం. రెండోది ఆరేడు వారాల్లో అయిపోయేది, ఏ భాగంలో ఎన్ని ప్రశ్నలు, ఎంత టైము, ఎక్కడ మార్కులు పోతాయి అని తెలుసుకోవడం, అంతే. కోచింగ్ సెంటర్లు అమ్మేది ఎక్కువగా రెండోదే, ఎందుకంటే దాన్ని 90 రోజుల ప్యాకేజీగా అమ్మడం సులువు. మొదటిది లేకుండా రెండోదానికి డబ్బు కట్టడం నాట్లు వెయ్యకుండా కోతకు కూలీలను మాట్లాడుకోవడం లాంటిది. మీరు మొదటిదానికి ఏడెనిమిది నెలలు అనుకోండి, ఇంట్లో అందరికీ అలాగే చెప్పండి, ముందే అయిపోతే సంతోషం.

వయసు గురించి. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉద్యోగం చేసుకుంటూ సవర భాష నేర్చుకున్నారు. పుస్తకాలు లేని భాష అది. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, వింటూ, అంటూ నేర్చుకుని, తర్వాత ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అంత పని మనకు అక్కర్లేదు గానీ ఆయన పద్ధతి మాత్రం చూడండి, ముందు చెవి, తర్వాత నోరు, ఆ తర్వాత కాగితం. మనకు బడిలో చెప్పింది దీనికి సరిగ్గా తలకిందులుగా చెప్పారు. పెద్దవయసులో నేర్చుకునేవాళ్ళకు మెదడు మొద్దుబారడం కంటే పెద్ద అడ్డం సిగ్గు. తప్పు మాట్లాడితే ఎవరేమనుకుంటారో అని పదిహేనేళ్ళ పిల్ల కంటే 38 ఏళ్ళ సిస్టర్ ఎక్కువ భయపడుతుంది, వార్డులో పదిమందికి ఆర్డర్లు వేసే మనిషి కాబట్టి. ఆ సిగ్గు పోవడానికి మార్గం ఒంటరిగా మొదలుపెట్టడం. ఎలాగో చెబుతాను.

ఐఈఎల్‌టీఎస్సా ఓఈటీయా అన్నది మీ విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఓఈటీ. ఫీజు మాత్రం ఐఈఎల్‌టీఎస్ కంటే బాగా ఎక్కువ, అది ముందే తెలుసుకోండి. యూకే నర్సింగ్ కౌన్సిల్, అంటే ఎన్ఎంసీ, ఓఈటీలో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింటిలో బీ గ్రేడు అడుగుతుంది, అంటే 500కి 350. రైటింగ్‌లో సీ ప్లస్ చాలు, అంటే 300. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే మొదటి మూడింటిలో 7, రైటింగ్‌లో 6.5. ఓఈటీ సులువని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి, సులువేం కాదు. కాకపోతే ఐఈఎల్‌టీఎస్‌లో నగరాల్లో ట్రాఫిక్ మీదో పురావస్తు తవ్వకాల మీదో చదివి, 250 మాటల వ్యాసం రాయాలి. ఓఈటీలో మీకు బాగా తెలిసిన ప్రపంచమే వస్తుంది, రోగి, మందు, డిశ్చార్జి, బంధువుల కంగారు. 15 ఏళ్ళు వార్డులో తిరిగిన మనిషి ఆ తెలివిని పరీక్ష గదిలోకి తీసుకెళ్ళగలిగే పరీక్షను వదులుకోవడం ఎందుకు? మీ ఆయన ఉద్యోగం మీద ఇంకే దేశమైనా వెళ్ళే ఆలోచన ఉంటే, లేదా మీకే కెనడా లాంటి చోట శాశ్వత నివాసం ఆలోచన ఉంటే అప్పుడు ఐఈఎల్‌టీఎస్ జనరల్ అవసరం పడుతుంది, అది వేరే లెక్క.

ఇంకో మాట, దీన్ని ఎవరూ చెప్పరు. 2024 తర్వాత యూకేలో విదేశీ నర్సులను తీసుకోవడం బాగా తగ్గింది. ఆగిపోలేదు గానీ మునుపటిలా లేదు. పరీక్ష ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. కాబట్టి ఇంగ్లీషు నేర్చుకోవడం ఈ రోజే మొదలుపెట్టండి, పరీక్ష బుక్ చెయ్యడం మాత్రం ఉద్యోగాల పరిస్థితి చూసుకుని చెయ్యండి. ఓఈటీని ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఒప్పుకుంటాయి, వాళ్ళకు కావలసిన గ్రేడ్లు కొంచెం తేడాగా ఉంటాయి, ఎవరికివాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే గేటు కాదని కూడా గుర్తుంచుకోండి. యూకేకు ఇంకా కంప్యూటర్ మీద ఒక పరీక్ష, అక్కడికి వెళ్ళాక ప్రాక్టికల్‌గా ఓస్కీ అనే పరీక్ష ఉంటాయి.

మొదట చెయ్యవలసింది కొలుచుకోవడం. ఓఈటీ వాళ్ళ సైట్‌లో నర్సింగ్ శాంపిల్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి. వీక్లీ ఆఫ్ రోజు పిల్లలు బడికి వెళ్ళాక తలుపేసుకుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మధ్యలో ఆపకుండా, వెనక్కి తిప్పకుండా లిజనింగ్, రీడింగ్ రాయండి. ఒక్కోదాంట్లో 42 ప్రశ్నలు. సుమారుగా 30 సరిగ్గా వస్తే బీ దగ్గర ఉన్నట్టు. మీకు 25 వచ్చాయనుకోండి, మీ పని సగం అయిపోయింది. 15 వస్తే ఏడవకండి, ఏడెనిమిది నెలలని నేనన్నది మీలాంటి వాళ్ళ కోసమే. ఎన్ని వచ్చాయన్న దానికంటే ఎందుకు పోయాయో ముఖ్యం. ప్రతి తప్పు పక్కన రాసుకోండి, మాట తెలియక పోయిందా, మాట తెలిసినా వినిపించక పోయిందా, టైము చాలక పోయిందా. మన వాళ్ళకు చాలామందికి రెండోదే. కాగితం మీద చూస్తే ప్రతి మాటా తెలిసినదే, వింటే మాత్రం గాలిలో కలిసిపోతుంది.

అది ఎందుకంటే మనం ఇంగ్లీషును కళ్ళతో నేర్చుకున్నాం. తెలుగులో ప్రతి అక్షరం పలుకుతుంది, దాదాపు ప్రతి మాట చివరా ఒక అచ్చు ఉండి మాట ఎక్కడ అయిపోయిందో చెబుతుంది. ఇంగ్లీషు వాళ్ళు ముఖ్యమైన మాటను ఒత్తి పలికి మిగతావి మింగేస్తారు. 'వాట్ డిడ్ యూ ఈట్' అన్నది 'వాడ్జు ఈట్' అయిపోతుంది, 'షుడ్ హావ్ టోల్డ్' అన్నది 'షుడవ్ టోల్డ్' లాగా వినిపిస్తుంది. అలా మింగేసిన చిన్న మాటల్లోనే రోగి మందు వేసుకున్నాడా, వేసుకోవలసింది మానేశాడా అన్నది ఉంటుంది. పరీక్షలో రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు.

దీనికి నేను అందరి చేతా చేయించే పని ఒక్కటే. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ళ '6 మినిట్ ఇంగ్లీష్' కార్యక్రమం ఉంది, ఉచితం, కింద వాళ్ళు మాట్లాడినదంతా రాసిన రాతప్రతి కూడా ఇస్తారు. అందులోంచి ఒక్క నిమిషం ముక్క తీసుకోండి. రాతప్రతి చూడకుండా మూడుసార్లు వినండి. నాలుగోసారి ఆపుతూ విన్నది విన్నట్టు నోటుబుక్‌లో రాయండి, తెలియని చోట గీత పెట్టండి. అప్పుడు రాతప్రతి తీసి పోల్చండి. మీరు వదిలేసిన మాటలకు ఎర్రగీత కొట్టి, అవి చూస్తూ మళ్ళీ వినండి, ఆ మాటలు ఎలా నలిగిపోయాయో చెవికి తెలుస్తుంది. తర్వాత వాళ్ళతోపాటు అదే వేగంతో మీరూ అనండి. ఇదంతా అరగంట పని. విసుగు పుడుతుంది, మొదటి నెలంతా ఏమీ రావట్లేదనిపిస్తుంది, చాలామంది అక్కడే మానేసి యూట్యూబ్‌లో '30 రోజుల్లో ఇంగ్లీష్' వీడియోలకు వెళ్ళిపోతారు. ఆ వీడియోలు తెలుగులో ఇంగ్లీషు గురించి చెబుతాయి, వింటుంటే హాయిగా ఉంటుంది, కానీ మీ చెవిలో పడేది తెలుగే.

డ్యూటీకి వెళ్ళే బస్సులో రాయడం కుదరదు కదా, అక్కడ ఊరికే వినండి. రాత్రి రాసిన ముక్కే పొద్దున్న బస్సులో మళ్ళీ. కొత్తవి పది వినడం కంటే పాతది పదిసార్లు వినడం మేలు. రెండు మూడు నెలలయ్యాక ఆస్ట్రేలియా వాళ్ళ ఆరోగ్య కార్యక్రమాలు కూడా వినండి, ఎందుకంటే ఓఈటీ మొదలైందే ఆస్ట్రేలియాలో, బ్రిటిష్ యాసతోపాటు ఆ యాస కూడా వస్తుంది. సినిమాలు చూడొద్దని అనను గానీ కింద సబ్‌టైటిల్స్ వేసుకుని చూస్తే మీరు మళ్ళీ కళ్ళతోనే చదువుతున్నట్టు.

ఇక నోరు పెగలకపోవడం. ఓఈటీ స్పీకింగ్ ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. మొత్తం 20 నిమిషాలు. మొదట మీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు అడుగుతారు, దానికి మార్కులు లేవు, టెన్షన్ తగ్గడానికే. తర్వాత రెండు రోల్ ప్లేలు. కార్డు ఇస్తారు, చదువుకోవడానికి 3 నిమిషాలు, మాట్లాడడానికి సుమారు 5 నిమిషాలు. మీరు నర్సు, ఎదురుగా ఉన్నావిడ రోగి లేదా రోగి తాలూకు మనిషి. ఆవిడ మార్కులు వెయ్యదు, రికార్డింగ్ విని వేరే వాళ్ళు వేస్తారు. మీ వైద్య జ్ఞానానికి మార్కులు లేవు. భాషకు ఉన్నాయి, రోగితో ఎలా మాట్లాడారన్నదానికి కూడా ఉన్నాయి, ఆ రెండోది మన వాళ్ళు పట్టించుకోరు.

ఇక్కడే మీ వార్డు పనికొస్తుంది. డయాలసిస్ గదిలో మీరు రోజూ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే పెద్దవాళ్ళను చూస్తారు. వారంలో రెండు మూడుసార్లు వచ్చే మనిషి, నీళ్ళు తక్కువ తాగమంటే తాగేసి, బరువు పెరిగి, కాళ్ళు ఉబ్బి వస్తాడు. మీరేమంటారు? 'ఏటి పెద్దాయనా, ఎన్నిసార్లు చెప్పాలి, మళ్ళీ తాగేసి వచ్చావా' అంటారు. అందులో ప్రేమే ఉంది, ఆయనకూ అది తెలుసు, నవ్వి ఊరుకుంటాడు. పరీక్షలో అదే ధోరణి ఇంగ్లీషులోకి దించితే మందలింపు అవుతుంది, మార్కులు పోతాయి. అక్కడ వాళ్ళు చూసేది మీరు చెప్పే ముందు అడిగారా, ఆయనకు ఏది కష్టంగా ఉందో విన్నారా, కొంచెం చెప్పి ఆగి అర్థమైందా అని కనుక్కున్నారా అని. జీడితోటలో ఎండలో పని చేసే మనిషికి నీళ్ళు తాగకుండా ఉండడం ఎంత కష్టమో ముందు ఒప్పుకోవాలి. 'కెన్ యూ టెల్ మీ వాట్ మేక్స్ ఇట్ హార్డ్ టు డ్రింక్ లెస్' అని అడిగి, ఆయన చెప్పింది విని, అప్పుడు చిన్న గ్లాసులో తాగడం, నోరెండితే పుక్కిలించి ఉమ్మెయ్యడం లాంటివి ఒక్కొక్కటే చెప్పాలి. 'ఫ్లూయిడ్ ఓవర్‌లోడ్' అనే మాట డాక్టరుకు చెప్పేది, రోగికి 'ఎక్స్‌ట్రా వాటర్ ఇన్ యువర్ బాడీ' చాలు.

కాబట్టి రోజూ డ్యూటీ అయ్యాక ఆ రోజు మీరు తెలుగులో జరిపిన ఒక సంభాషణ గుర్తు తెచ్చుకుని, మేడ మీదకు వెళ్ళి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఇంగ్లీషులో చెప్పండి. రోగి మాటలు కూడా మీరే. మొదట్లో రెండు నిమిషాలు సాగదు, మధ్యలో తెలుగు వచ్చేస్తుంది, రానివ్వండి. మర్నాడు మీ గొంతు మీరే వినండి. ఎవరికీ తమ గొంతు నచ్చదు, అయినా వినాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ కావలసిన వాక్యం వెతికి రాసుకుని మళ్ళీ చెప్పండి. ఇదే నేనన్న ఒంటరి మొదలు. నెలా రెండు నెలలయ్యాక ఇంకో నర్సును జతచేసుకోండి, ఫోన్‌లో అయినా సరే, ఒకరు రోగి ఒకరు నర్సు. మీ ఆస్పత్రిలో కేరళ సిస్టర్లు ఎవరైనా ఉంటే వాళ్ళను అడగండి, వాళ్ళకు ఈ పరీక్షల సంగతి బాగా తెలుసు, పైగా తెలుగు రాదు కాబట్టి మీరు తప్పించుకోలేరు.

ఉచ్చారణ గురించి ఎక్కువ భయపడకండి, తెలుగు యాస ఉంటే ఎవరూ మార్కులు కొట్టెయ్యరు, అర్థం కాకపోతేనే పోతాయి. మనకు పోయేవి కొన్నే. మాట చివర అచ్చు తగిలించడం, 'బెడ్డు', 'టెస్టు', 'మిల్కు'. అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలకడం. 'జెడ్' అక్షరాన్ని 'జ' చెయ్యడం. మాట మొదట్లో 'ఎ', 'ఒ' వస్తే ముందు 'య', 'వ' చేర్చడం, 'యెగ్', 'వొన్లీ' అని. ఇవి వారానికి ఒకటి చొప్పున పట్టుకుంటే సరి. వ్యాకరణంలోనూ అంతే, మొత్తం పుస్తకం తిరగెయ్యక్కర్లేదు. 'ఐ యామ్ హావింగ్ పెయిన్' అని ప్రతిదానికీ 'ఇంగ్' తగిలించడం, 'ఎ', 'ద' వదిలేయడం, 'ఐ డోంట్ నో వాట్ ఈజ్ హిజ్ నేమ్' అని ప్రశ్నలోని వరసను వాక్యంలోకి తేవడం, నిన్న జరిగినదాన్ని ఇవాళ జరుగుతున్నట్టు చెప్పడం. మన వైపు నూటికి ఎనభై తప్పులు ఈ నాలుగింటిలోనే అని నా అంచనా.

రైటింగ్‌కు వస్తే, 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు చదవడానికే, పెన్ను పట్టుకోకూడదు. ఒక రోగి కేసు నోట్సు ఇస్తారు, దాన్నుంచి 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయాలి, సాధారణంగా ఇంకో నర్సుకో డాక్టరుకో రిఫర్ చేస్తూ. సీ ప్లస్ చాలు కదా అని దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, తీరా రాశాక ఆ 300 కూడా రాదు. కారణం ఇంగ్లీషు ఒక్కటే అనుకోకండి. నోట్సులో ఉన్నదంతా ఉత్తరంలోకి ఎత్తెయ్యడం. కేసు షీటులో ఒక్క గీత వదిలినా డాక్టరు తిడతాడని మనకు భయం అలవాటైంది, ఇక్కడ వదలడం రావాలి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన 70 ఏళ్ళావిడను ఇంటికి పంపుతూ అక్కడి కమ్యూనిటీ నర్సుకు రాస్తున్నారనుకోండి. ఆవిడకు చిన్నప్పుడు టాన్సిల్స్ తీశారని నోట్సులో ఉంటుంది, కావాలనే పెడతారు. ఆ నర్సుకు దాంతో ఏం పని? ఆమెకు కావలసింది కట్టు ఎప్పుడు మార్చాలి, కుట్లు ఎప్పుడు తియ్యాలి, ఏ మందు ఎంత, ఆవిడ ఇంట్లో ఒక్కర్తే ఉంటుందా, మెట్లు ఉన్నాయా. అదే ఉత్తరం ఫిజియోథెరపిస్టుకు అయితే వేరేవి కావాలి. ప్రతి గీత దగ్గరా 'ఇది చదివే మనిషికి రేపు పొద్దున్న దీంతో పని ఉందా' అని మిమ్మల్ని మీరే అడగండి.

ఎందుకు రాస్తున్నారో మొదటి పేరాలోనే చెప్పెయ్యాలి, దానికి విడిగా మార్కులున్నాయి. నోట్సులోని పొట్టి రాతలను పూర్తి వాక్యాలుగా విప్పాలి. కోచింగ్‌లో బట్టీ పట్టించే 'ఐ వుడ్ లైక్ టు టేక్ దిస్ ఆపర్చునిటీ' లాంటి వాక్యాలతో 200 మాటల్లో 40 మాటలు దండగ. వారానికి రెండు ఉత్తరాలు రాయండి, ఎక్కువ వద్దు. కానీ రాసిన ప్రతిదాన్నీ ఎవరైనా దిద్దాలి, దిద్దినదాన్ని మీరు మళ్ళీ శుభ్రంగా రాయాలి. ఈ పరీక్ష మొత్తంలో డబ్బు పెట్టదగ్గ చోటు ఇదొక్కటే అంటాను. ఉత్తరానికి ఇంత అని తీసుకుని దిద్దే టీచర్లు ఆన్‌లైన్‌లో ఉన్నారు, మూడు నెలల కోచింగ్ ఫీజులో పదో వంతు కూడా అవ్వదు.

రీడింగ్ గురించి రెండు ముక్కలే. పార్ట్ ఏ లో 15 నిమిషాల్లో 20 ప్రశ్నలు, నాలుగు చిన్న పాఠాల్లో వెతికి పట్టుకోవాలి, ఆ 15 నిమిషాలు అయిపోతే వెనక్కి వెళ్ళనివ్వరు. అక్కడ మొత్తం చదివే అలవాటున్నవాళ్ళు దెబ్బతింటారు, మందు స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ చూసినట్టు కావలసిన చోటికే కన్ను వెళ్ళాలి. మిగతా 45 నిమిషాల భాగాలకు మాత్రం నిదానంగా చదవడం కావాలి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో జబ్బుల గురించి మామూలు జనానికి అర్థమయ్యే ఇంగ్లీషులో రాసి పెట్టారు, రోజుకొకటి చదవండి. అది రీడింగ్‌కూ పనికొస్తుంది, రోగికి సులువుగా ఎలా చెప్పాలో స్పీకింగ్‌కూ పనికొస్తుంది.

టైము ఎక్కడిది అంటారు. రోజుకు గంట, రెండు అరగంటలుగా. నైట్ డ్యూటీ దిగిన రోజు పుస్తకం ముట్టకండి, నిద్రపోండి, ఆ రోజు బస్సులో విన్నదే లెక్క. పిల్లల ఇంగ్లీషు వాచకం తీసి వాళ్ళతోపాటు పైకి చదవండి. 'ఈ వయసులో అమ్మకు ఏటి ఇంగ్లీషు' అని ఇంట్లో ఒకరిద్దరు అంటారు, పోట్లాడకండి, మేడ మీదకు వెళ్ళి రికార్డింగ్ చేసుకోండి. సంక్రాంతికి వారం పోతుంది, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇంకో వారం, వాటిని ముందే లెక్కలోంచి తీసెయ్యండి.

ఇలా ఆరు నెలలు గడిచి, శాంపిల్ టెస్టులో 30 దాటడం మొదలయ్యాక, అప్పుడు కావాలంటే కోచింగ్‌కు వెళ్ళండి, ఆన్‌లైన్ అయినా చాలు. చేరే ముందు ఒక క్లాసు ఊరికే కూర్చోనివ్వమనండి. మా ఉత్తరాలు ఎవరు దిద్దుతారు, వారానికి ఎన్ని, ఒక్కొక్కరితో విడిగా రోల్ ప్లే చేయిస్తారా అని అడగండి. సమాధానం తిన్నగా రాకపోతే వచ్చెయ్యండి. ఒకసారిలో నాలుగూ రాకపోయినా కంగారు లేదు, 12 నెలల్లోపు రాసిన రెండు పరీక్షల మార్కులను కలిపి చూడడానికి ఎన్ఎంసీ ఒప్పుకుంటుంది, కాకపోతే ఏ భాగంలోనూ మరీ కిందికి పోకూడదు, ఓఈటీలో మూడింటిలో సీ ప్లస్, రైటింగ్‌లో సీ కంటే తగ్గకూడదు.

ఏజెంట్ల గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్ వీసాల పేరుతో మోసపోయిన కుటుంబాలను మీరే చూసుంటారు, నర్సుల దగ్గరికి అదే మనిషి సూటు వేసుకుని వస్తాడు. పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి. ఎన్ఎంసీ మీ మార్కులను ఓఈటీ వాళ్ళ దగ్గరే సరిచూస్తుంది, దొరికిపోతే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. ఏజెంటుకు మన విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. బ్రిటన్ నియమావళి అయితే ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర అసలు డబ్బే తీసుకోకూడదంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎంత తెలిసినవాళ్ళైనా.

చివరగా పేరు. ఇది చిన్న విషయంలా ఉంటుంది, నెలలు తినేస్తుంది. పరీక్షకు పాస్‌పోర్టే గుర్తింపు, రిజిస్ట్రేషన్‌లో పేరు అందులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు రాస్తారు, పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి, ఆన్‌లైన్ ఫారాల్లో ఇది తారుమారవుతుంది. మీకు పెళ్ళయింది కాబట్టి ఇంకో చిక్కు, మెమో, జీఎన్ఎం సర్టిఫికెట్, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పుట్టింటి ఇంటిపేరుతో ఉండి, పాస్‌పోర్టు అత్తింటి ఇంటిపేరుతో ఉంటే, ఆ ఇద్దరూ ఒకరేనని పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో చూపించాలి. అది చేయించుకోకపోతే ఇప్పుడే చేయించుకోండి. పాస్‌పోర్టు ఇంకా తీసుకోకపోతే ఏ ఇంటిపేరుతో తీసుకోవాలో మీ సర్టిఫికెట్లన్నీ బల్ల మీద పరుచుకుని చూశాకే అప్లై చెయ్యండి. పరీక్షా కేంద్రం హైదరాబాద్‌లో పడినా విశాఖలో పడినా ముందు రోజు సాయంత్రానికే ఊరు చేరండి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కి నేరుగా పరీక్షకు వెళ్దామనుకుంటే ఆ రోజే బండి రెండు గంటలు లేటవుతుంది. శాంపిల్ టెస్టు రాశాక లిజనింగ్‌లో ఏ భాగంలో ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో రాయండి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అది చూసి చెబుతాను.